బ్యాంకు ఫలితాల్లో రెండు ఈపీఎస్‌లు: దేన్ని చూసి కొనాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. ఒక ప్రైవేటు బ్యాంకు షేర్లు కొందామని ఫలితాలు చూస్తే ఈపీఎస్ (ఒక్కో షేరుకు వచ్చిన లాభం) బేసిక్, డైల్యూటెడ్ అని రెండున్నాయి. రెండోది కొంచెం తక్కువ. ఏది నమ్మాలి? నా దగ్గరున్నది బిడ్డ పెళ్లికి దాచిన 4 లక్షలు. పెళ్లి వచ్చే ఏడాది.

జవాబు: డైల్యూటెడ్ ఈపీఎస్‌నే చూడండి. అది కూడా అనుబంధ కంపెనీలన్నీ కలిపి చూపే కన్సాలిడేటెడ్ ఫలితాల్లోది.

ఏడాది లాభాన్ని ఆ ఏడాది సగటున ఉన్న షేర్లతో భాగిస్తే వచ్చేది బేసిక్. కానీ బ్యాంకు కొందరికి షేర్లు ఇస్తానని ముందే మాటిచ్చి ఉంటుంది. ఉద్యోగులకు ఈసాప్‌లు (ముందే ఖాయం చేసిన ధరకు షేర్లు కొనే ఆప్షన్లు), ఇన్వెస్టర్లకు వారెంట్లు (అలాంటి హక్కే), షేర్లుగా మారే బాండ్లు. వాటిని కూడా కలిపితే డైల్యూటెడ్.

మీరు లెక్కల మనిషి కాబట్టి అంకెల్లోనే చెప్తాను. లాభం 100 కోట్లు, షేర్లు 10 కోట్లు అనుకోండి. బేసిక్ 10 రూపాయలు. ఉద్యోగుల దగ్గర 60 రూపాయలకే కొనుక్కోగల కోటి ఆప్షన్లున్నాయి, మార్కెట్ ధర 100. వాళ్లు కట్టే 60 కోట్లకు మార్కెట్లో 60 లక్షల షేర్లు వస్తాయి. మిగతా 40 లక్షలు ఊరికే ఇచ్చినట్టు. అందుకే 100 కోట్లను 10.4 కోట్లతో భాగిస్తారు: 9 రూపాయల 62 పైసలు. నష్టం వచ్చిన ఏడాది మాత్రం రెండు అంకెలూ ఒకటే ఉంటాయి. అది చూసి ఆప్షన్లేమీ లేవనుకోకండి.

అమెరికాలో బ్యాంక్ ఆఫ్ అమెరికా 2011లో వారెన్ బఫెట్ కంపెనీ నుంచి 500 కోట్ల డాలర్లు తీసుకుని, 70 కోట్ల షేర్లను ఒక్కోటి సుమారు 7.14 డాలర్లకు కొనే హక్కు ఇచ్చింది. 2017లో ఆ హక్కు వాడుకునేసరికి మార్కెట్ ధర దానికి మూడు రెట్లు దాటింది. ఆ షేర్లు అంతకుముందే డైల్యూటెడ్ లెక్కలోకి వచ్చేశాయి.

నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే. ఇచ్చిన మాటలే ఈ అంకెలో ఉంటాయి, రేపు ఇవ్వబోయే మాటలు ఉండవు. ఇచ్చే అప్పులు పెంచాలన్నా, మొండి బకాయిలు పూడ్చాలన్నా బ్యాంకుకు మూలధనం కావాలి, దానికోసం కొత్త షేర్లు అమ్ముతుంది. యెస్ బ్యాంకునే చూడండి. 2020 మార్చికి ముందు సుమారు 255 కోట్ల షేర్లు. బ్యాంకును కాపాడే పథకంలో ఎస్‌బీఐ, ఇతర బ్యాంకులు, ఆర్థిక సంస్థలు 10 రూపాయల చొప్పున 1,000 కోట్ల షేర్లు తీసుకున్నాయి. జులైలో 12 రూపాయలకు ఇంకో 1,250 కోట్లు అమ్మారు. అయిదు నెలల్లోపే పాత వాటాదారుడి వాటా పదో వంతుకు పడిపోయింది. ముందటేడు ఫలితాల్లోని డైల్యూటెడ్ ఈపీఎస్ దీన్ని చెప్పలేదు, చెప్పగలిగేదీ కాదు.

కాబట్టి కొనే ముందు అయిదేళ్ల షేర్ల సంఖ్య పక్కపక్కన రాసుకోండి. బోనస్ (ఉన్నవాళ్లకే ఉచితంగా ఇచ్చే షేర్లు), స్ప్లిట్‌ (ఒక షేరును ముక్కలు చేయడం)ల వల్ల పెరిగింది పక్కన పెట్టండి. లాభం రెట్టింపై ఈపీఎస్ అక్కడే ఉంటే, పెరిగిన లాభాన్ని కొత్త వాటాదారులు పంచుకున్నట్టే.

పెళ్లి డబ్బు మాత్రం షేర్ల దాకా రావద్దు, ఈపీఎస్ ఎంత బాగున్నా సరే. ఏడాదిలో మార్కెట్ ఎటు పోతుందో నేను చెప్పలేను, ఆ టెన్షన్ మీ బిడ్డ పెళ్లి మీద పెట్టలేను. ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది. అదే బ్యాంకులో మీ పేరున వేరే ఖాతా ఉంటే అందులోని సొమ్మూ ఆ 5 లక్షల్లోకే వస్తుంది, చూసుకుని వేయండి.