ఫోన్లు చాలించి కాగితం పెట్టండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్రెడిట్ కార్డుల మీదే. బెజవాడ నుంచి కొన్ని, గుంటూరు నుంచి కొన్ని. బ్యాంకులు వేరు, గోడు మాత్రం ఒక్కటే: చార్జీలు వేసేశారు, ఎందుకు వేశారని అడిగితే పలికే నాథుడు లేడు. బ్యాంకుల పేర్లు తీసేసి నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. నా ఉద్యోగమంతా బ్యాంకు కౌంటర్ వెనకే గడిచింది కాబట్టి లోపల ఏ కాగితం కదులుతుందో, ఏది కదలదో నాకు తెలుసు.

ప్రశ్న: సార్, నేను బెజవాడ పటమటలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. షాపింగ్ మాల్‌లో స్టాలు పెట్టుకున్న ఒకబ్బాయి "లైఫ్‌టైమ్ ఫ్రీ మేడం, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు" అని ఆధార్, పాన్ తీసుకుని కార్డు చేయించాడు. ఒకట్రెండుసార్లు వాడి, బిల్లు మొత్తం కట్టేసి బీరువాలో పడేశాను. ఏడాది తిరగ్గానే యాన్యువల్ ఫీజు 1,000, దాని మీద జీఎస్టీ 180 వేశారు. నేను కట్టనన్నాను. అక్కణ్ణుంచి లేట్ ఫీజు, వడ్డీ కలుపుకుంటూ పోయి ఇప్పుడు నాలుగు వేలు దాటించారు. కస్టమర్ కేర్‌కి చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అని తిప్పి తిప్పి మనిషి దొరికేసరికి లైన్ కట్. బ్రాంచికి వెళ్తే "కార్డుల సంగతి మాకు సంబంధం లేదమ్మా" అంటున్నారు. ఇంటి లోన్‌కి పెట్టుకోబోతున్నాం, సిబిల్ స్కోరు (అప్పులు ఎలా కడుతున్నామో చూసి వేసే మార్కు) పాడవుతుందేమోనని ఒకటే టెన్షన్. కట్టేయమంటారా, వద్దంటారా?

జవాబు: అమ్మా, ముందు మీ తాజా బిల్లు బయటికి తీసి ఒక్కో లైనూ చూడండి. మీరు కార్డు వాడటం మానేశారు, పాత కొనుగోళ్లు మొత్తం కట్టేశారు. అంటే ఇప్పుడు ఆ బిల్లులో ఉన్నదంతా ఫీజూ, దాని మీద లేట్ ఫీజూ, వాటి మీద జీఎస్టీ మాత్రమే. మరి వడ్డీ దేని మీద వేశారు? కట్టని ఫీజుల్నీ పన్నుల్నీ అసల్లో కలిపేసి దాని మీద వడ్డీ లెక్కకట్టకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన కార్డు ఆదేశాల్లో స్పష్టంగా ఉంది. ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడిగితే చాలు, మీ నాలుగు వేలలో కొంత అక్కడే రాలిపోతుంది.

ఇక లైఫ్‌టైమ్ ఫ్రీ మాట. స్టాల్లో అబ్బాయి నోటితో చెప్పింది రుజువు చేయడం కష్టం, కానీ అతను పంపిన వాట్సాప్ మెసేజో, కార్డు మంజూరైనప్పుడు బ్యాంకు పంపిన ఎస్ఎంఎస్సో, ఈమెయిలో ఎక్కడో ఉంటుంది, ఓపిగ్గా వెతకండి. కార్డుతో పాటు వచ్చిన కవర్లో ఫీజుల పట్టిక కూడా ఉంటుంది. అందులో యాన్యువల్ ఫీజు దగ్గర 'లేదు' అని ఉంటే ఇక మాట్లాడే పనే లేదు. అప్పుడు లేని ఫీజు తర్వాత పెట్టామంటారా, నెల ముందు నోటీసు ఇవ్వకుండా ఏ చార్జీ మార్చడానికీ వీల్లేదు. ఆ నోటీసు చూపించమనండి.

ఇవన్నీ కస్టమర్ కేర్ పిల్లలకి ఫోన్లో చెప్పకండి. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, పాపం వాళ్ల చేతిలో ఏమీ ఉండదు, ఎదురుగా స్క్రీన్ మీద రాసిపెట్టింది చదువుతారు. అసలు నష్టం ఏమిటంటే, ఎన్ని నెలలు ఫోన్లు చేసినా మీరు ఫిర్యాదు చేసినట్టు మీ చేతిలో ఆధారం ఉండదు. మీరు కాగితం మీద గానీ ఈమెయిల్లో గానీ పెట్టిన రోజు నుంచే బ్యాంకుకి 30 రోజుల గడువు మొదలవుతుంది. ఆలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. బ్యాంకుకి రాసినట్టు ఆధారం లేకుండా వెళ్తే మాత్రం అక్కడ గుమ్మంలోనే ఆపేస్తారు. జనం సగం మంది ఓడిపోయేది ఇక్కడే, వినీ వినీ నాకు కడుపు మండిపోతోంది.

ఉత్తరం పెద్దగా అక్కర్లేదు. "నా కార్డు లైఫ్‌టైమ్ ఫ్రీ అని చెప్పి ఇచ్చారు. ఫలానా తేదీన యాన్యువల్ ఫీజు వేశారు. దీనికి నేను ఒప్పుకున్నట్టు ఉన్న పత్రం, చార్జీ మార్పుకి ముందు ఇచ్చిన నోటీసు కాపీ ఇవ్వండి. ఫీజుల మీద వడ్డీ ఏ నిబంధన కింద వేశారో చెప్పండి. మొత్తం చార్జీలు వెనక్కి తీసి కార్డు మూసేయండి." అంతే. కార్డు నంబరు మొత్తం రాయొద్దు, చివరి నాలుగు అంకెలు చాలు. బ్యాంకు వెబ్‌సైట్లోనూ బిల్లు వెనకాలా ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్, నోడల్ ఆఫీసర్ ఈమెయిల్ ఉంటాయి, వాటికి పంపండి. అదే ఉత్తరం రెండు కాపీలు తీసి బ్రాంచికి పట్టుకెళ్లండి, ఒకటి ఇచ్చి రెండో దాని మీద తేదీ వేయించి ముద్ర కొట్టించుకోండి. వాళ్లు తీసుకోము అంటే అక్కడ గొడవ పెట్టుకోకుండా నేరుగా పోస్టాఫీసుకి వెళ్లి స్పీడ్ పోస్టులో, చేరినట్టు రుజువు వచ్చేలా పంపేయండి.

కట్టాలా వద్దా అన్నారు. న్యాయంగా అయితే కట్టక్కర్లేదు, కానీ ఇంటి లోన్ ముందున్నప్పుడు నేనైతే కట్టేయమనే అంటాను. "అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాను, తిరిగి రాబట్టుకునే హక్కు వదులుకోవడం లేదు" అని ముందు ఈమెయిల్ పెట్టి, ఆ తర్వాత కట్టండి. బాకీ సున్నా అయితేనే మూసివేత నిబంధన మీ వైపు పని చేస్తుంది: మీరు అడిగాక 7 పనిదినాల్లో కార్డు మూసేయాలి, ఆ పైన ఆలస్యమైన ప్రతి రోజుకీ బ్యాంకే మీకు 500 రూపాయలు ఇవ్వాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలిసినవాళ్లు ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం రాస్తే కార్డు ఎంత తొందరగా మూతపడుతుందో నేను చూశాను.

అప్పుల చరిత్ర రాసిపెట్టే సిబిల్ లాంటి ప్రతి సంస్థా ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, ఈ వారమే తెప్పించుకోండి. అందులో తప్పుగా పడి ఉంటే దిద్దమని రాయండి. 30 రోజులు దాటినా సరిచేయకపోతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. లోన్ కాగితాలు అది చూసుకున్నాకే పెట్టండి.

ప్రశ్న: అయ్యా, గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో గుమస్తాని. మా అమ్మాయి కాలేజీ ఫీజుకి కార్డు మీద 40,000 గీకాను. ప్రతి నెలా బిల్లులో చూపించిన మినిమం కడుతూనే వచ్చాను. ఎంత కట్టినా అసలు తరగడం లేదు. అడిగితే "మీ అకౌంట్ అంతా కరెక్టే సార్" అంటారు. ఈమధ్య రెండు నెలలు మినిమం కూడా కట్టలేకపోయేసరికి రికవరీ వాళ్లు మా షావుకారుకి ఫోన్ చేసి నా సంగతంతా చెప్పారు. తలెత్తుకోలేకపోతున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో రెండు విషయాలున్నాయి, రెంటికీ ఒకటే జవాబు చెప్పలేను.

అసలు తరగకపోవడం గురించి బాధ అనిపించినా ఉన్నది చెప్తాను, ఫిర్యాదు వల్ల అది తరగదు. లెక్క చూడండి. నెలకి 3.5 శాతం వడ్డీ అనుకుంటే 40,000 మీద 1,400. దాని మీద 18 శాతం జీఎస్టీ 252. అంటే 1,652 అక్కడికే పోయింది. మినిమం అంటే సాధారణంగా బాకీలో 5 శాతం, అంటే 2,000. మీరు కట్టిన రెండు వేలలో అసలుకి చేరింది 348 రూపాయలు. ఆ నెలలో మీరు అదే కార్డుతో పెట్రోలు, సరుకులు తీసుకున్నారా, వాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు, పాత బాకీ ఉన్నంతకాలం కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. నెలకి 3.5 అంటే చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి 42 శాతం అది. యార్డులో ఎవరైనా ఆ వడ్డీకి అప్పిస్తానంటే మీరు తీసుకుంటారా? ఏడాదికి 30 శాతం మించితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది గానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ఇవాళ ఆ దారి లేదు.

కార్డు వాడటం ఈ రోజే ఆపేయండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టి ఈ బాకీ ఒక్కసారి తీర్చేయండి, అక్కడ వడ్డీ ఏడాదికి పది శాతం అటూ ఇటూ ఉంటుంది. చీటీ ఉంటే పాడుకున్నా నయమే. ఏదీ కుదరకపోతే బాకీని ఈఎంఐల కింద మార్చమని బ్యాంకుని రాతపూర్వకంగా అడగండి, వడ్డీ ఎంతో ప్రాసెసింగ్ ఫీజు ఎంతో చెప్పాకే ఒప్పుకోండి. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీసి ఇంకో కార్డు కట్టడం మాత్రం చేయొద్దు. నగదుకి ఫీజు వేరు, మొదటి రోజు నుంచే వడ్డీ వేరు.

షావుకారుకి ఫోన్ చేయడం పూర్తిగా వేరే సంగతి, అక్కడ తప్పు నూటికి నూరు పాళ్లు వాళ్లదే. బాకీ ఉన్నంత మాత్రాన మిమ్మల్ని నలుగురిలో అవమానించే హక్కు ఎవరికీ లేదు. బెదిరించడం, పరువు తీయడం, ఇంట్లోవాళ్ల జోలికీ స్నేహితుల జోలికీ వెళ్లడం కుదరదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. బాకీ కోసం చేసే ఫోన్ అయినా ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదు. ఏ నంబరు నుంచి, ఏ రోజు, ఎన్ని గంటలకి ఫోన్ వచ్చిందో షావుకారునే అడిగి రాసుకోండి, వీలైతే ఆయన ఫోన్లో కాల్ లిస్టు ఫొటో తీసుకుని బ్యాంకు నోడల్ ఆఫీసరుకి పంపండి. ఏజెన్సీ వాడు ఎవడైనా సరే, జవాబుదారీ బ్యాంకే. సిగ్గుపడాల్సింది మీరు కాదు.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేట నుంచి రాస్తున్నాను. బిల్లు గడువు 5వ తేదీ. ఆ రోజు యాప్ తెరుచుకోలేదు, 7న కట్టాను. లేట్ ఫీజు 500 వేశారు. రిటైరైనవాణ్ణి, ఇది దండగే కదా?

జవాబు: దండగే, తిరిగి రావాల్సిన డబ్బే. గడువు దాటి మూడు రోజులు మించితేనే లేట్ ఫీజు వేయాలి, సిబిల్‌కి చెప్పినా అంతే. మీది రెండు రోజులు. బిల్లు కాపీ, కట్టిన రసీదు జతచేసి ఈమెయిల్ పెట్టండి. ఈ వెసులుబాటు లేట్ ఫీజుకే, వడ్డీకి కాదు, కాబట్టి ఇకముందు గడువుకి నాలుగు రోజుల ముందే కట్టేసుకోండి.

ప్రశ్న: బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టు మాది. కార్డు మీద తెలియని చార్జీ పడితే అడుగుదామని నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేశాను. చక్కగా తెలుగులో మాట్లాడి ఏదో యాప్ వేయించారు, ఓటీపీ చెప్పమన్నారు. 38,000 పోయాయి. వెంటనే బ్యాంకుకి ఫోన్ చేస్తుండగానే ఇంకో 12,000 పోయాయి. "ఓటీపీ మీరే చెప్పారు" అని బ్యాంకు చేతులు దులుపుకుంది.

జవాబు: అసలు నంబరుకి చేస్తే ఎవరూ ఎత్తరు కాబట్టే జనం నెట్‌లో వెతుకుతున్నారు, దొంగలు అక్కడ కాచుకుని కూర్చుంటున్నారు. ఈ పాపంలో బ్యాంకులకీ వాటా ఉందని నా గట్టి అభిప్రాయం.

రిజర్వ్ బ్యాంకు 2017 జులై నిబంధన ప్రకారం ఖాతాదారు తనే ఓటీపీ చెప్తే, బ్యాంకుకి తెలియజేసేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. తెలియజేసిన తర్వాత జరిగేది బ్యాంకుది. కాబట్టి మీ కేసంతా ఆ 12,000 పోయిన నిమిషం మీద ఆధారపడి ఉంది. మీరు బ్యాంకుకి చేసిన ఫోన్ ఎన్ని గంటలకి కలిసిందో కాల్ లిస్టులో ఉంటుంది, డబ్బు పోయిన సమయం ఎస్ఎంఎస్‌లో ఉంటుంది, రెండూ స్క్రీన్‌షాట్ తీసి దాచండి. కాల్ ముందు కలిసి ఉంటే ఆ 12,000 పట్టుబట్టి అడగండి. బాధ్యత ఖాతాదారుదని రుజువు చేయాల్సిన భారం కూడా బ్యాంకు మీదే ఉంది. 38,000 వస్తాయని మాత్రం నేను ఆశ పెట్టను, అయినా 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు నమోదు చేయించారో లేదో మీరు రాయలేదు, చేయకపోతే ఇప్పుడే చేయండి. దొంగ ఖాతాలో డబ్బు ఇంకా మిగిలి ఉంటే దాన్ని ఆపే అవకాశం ఉంటుంది. ఆ యాప్ తీసేయండి, కార్డు బ్లాక్ చేయించండి. నంబరు కావాలంటే కార్డు వెనకాల ఉన్నదే వాడాలి.

బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే, మీరే కాదు పైన రాసిన ముగ్గురూ కూడా, సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్‌లో అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంప్యూటర్ చేతకాకపోతే చండీగఢ్ సెక్టర్ 17లోని రిజర్వ్ బ్యాంకు కేంద్రానికి పోస్టులో పంపొచ్చు, ఉత్తరం తెలుగులో ఉన్నా తీసుకుంటారు. సందేహాలుంటే 14448, అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు. అక్కడా పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బ్యాంకు హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా సరే, మీరు ఉండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు కూడా ఉండదు. ఈ కేసు వేయడానికి రెండేళ్లు దాటనివ్వకండి.