పాఠకుల ప్రశ్నలు: పల్లె నుంచి అసెంబ్లీ దాకా

ప్రశ్న: మాది కోటబొమ్మాళి దగ్గర పల్లె. డిగ్రీ అయింది, వయసు ఇరవై నాలుగు. ఎర్రన్నాయుడు గారు చిన్న వయసులోనే ఎమ్మెల్యే అయ్యారని మా నాన్న ఎప్పుడూ చెప్తుంటారు. వెనక డబ్బు లేనివాడు ఈ రోజుల్లో ఎమ్మెల్యే కాగలడా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: కాగలడు తమ్ముడూ. కానీ కష్టం ఎక్కడుందో తెలుసుకుని దిగు. చట్టం అడిగేది తక్కువే. ఇరవై ఐదేళ్లు నిండాలి, రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటు ఉండాలి, డిపాజిట్ 10,000 రూపాయలు కట్టాలి, ఎస్సీ ఎస్టీలకైతే 5,000. ఖర్చు పరిమితి 40 లక్షలు. అంత పెట్టాలన్నా మామూలు ఇంటివల్ల కాదు, అందుకే చాలామంది మంచి కుర్రాళ్లు టికెట్ దగ్గరే ఆగిపోతున్నారు, అది నాకు నిజంగా బాధ.

మీ నాన్నగారు చెప్పింది నిజమే. 1957 ఫిబ్రవరిలో పుట్టిన ఎర్రన్నాయుడు గారు 1983 జనవరిలో హరిశ్చంద్రపురం నుంచి గెలిచేనాటికి ఇంకా ఇరవై ఆరు నిండలేదు. అదే ఎన్నికల్లో ఎచ్చెర్ల నుంచి గెలిచిన ప్రతిభా భారతి గారు 1999లో స్పీకర్ అయ్యారు. అయితే వాళ్ల పార్టీ తెలుగుదేశం అప్పటికి పుట్టి ఏడాది కూడా కాలేదు, కొత్త ముఖాలకి టికెట్లు దొరికాయి. అలాంటి గాలి మళ్లీ ఎప్పుడొస్తుందో అని కూర్చోకు. పంచాయతీలో నిలబడడానికి 21 ఏళ్లు చాలు, అక్కడ పార్టీ గుర్తు ఉండదు, మనిషిని చూసి ఓటేస్తారు. వార్డు మెంబరుగానైనా మొదలుపెట్టు.

ఇంకోటి, కాగితం పని నేర్చుకో. పొద్దున్నే ఏ ఎమ్మెల్యే ఇంటి ముందుకెళ్లినా ప్లాస్టిక్ కవర్లు పట్టుకున్న జనం కనిపిస్తారు. అందులో విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఒరిజినల్ బిల్లులు, ఆధార్ జిరాక్సు ఉంటాయి, వైద్యం ఖర్చుకి సీఎం రిలీఫ్ ఫండ్ సాయం అడగడానికి ఎమ్మెల్యే లెటర్ కావాలి. ఒక్క బిల్లు తక్కువైనా ఆ ముసలావిడ మళ్లీ బస్సెక్కి విశాఖ పోవాలి. కవర్లో ఏం లేదో ముందే చూసి చెప్పగలిగినవాడిని పల్లె గుర్తుపెట్టుకుంటుంది. ఆ పేరు డబ్బుతో రాదు.

నియోజకవర్గమే శాశ్వతం అనుకోకు. 2009 ఎన్నికల నాటికి నియోజకవర్గాల హద్దులు మార్చిన పునర్విభజనలో హరిశ్చంద్రపురం సీటే పోయింది, సోంపేటా పోయింది, ఎచ్చెర్ల జనరల్ అయి ఎస్సీ రిజర్వేషన్ రాజాంకి వెళ్లింది. ఏళ్ల తరబడి తిరిగిన ఊళ్లు ఒక్కసారిగా పక్క సీటులోకి పోతే మళ్లీ మొదటి నుంచి తిరగాల్సిందే.

ప్రశ్న: మా ఎమ్మెల్యే గారు పెళ్లికీ వస్తారు, చావుకీ వస్తారు. తోటపల్లి ప్రాజెక్టు నీళ్లు మాత్రం మా చివరి పొలాలకి రావు. అసలు ఆయన పనేంటండీ?
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: చావింటికి రావడాన్ని తక్కువ చెయ్యకండమ్మా, కష్టంలో ఉన్న ఇంటికి అదీ కావాలి. కానీ ఆయన్ని మనం పంపింది అసెంబ్లీకి. కాలవ పని మంజూరు చేసే అధికారం ఆయన చేతిలో ఉండదు, మంత్రిని నిలదీసి అడిగే హక్కు ఉంటుంది. నక్షత్రం గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు కూడా వెయ్యొచ్చు. సభకే వెళ్లకపోతే ఇదంతా ఎలా జరుగుతుంది? అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకి రాకపోతే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చని రాజ్యాంగమే చెప్తోంది, అంత ముఖ్యం ఆ హాజరు.

ఈసారి ఆయన పెళ్లికొచ్చినప్పుడు నోటితో చెప్పి ఊరుకోకండి. ఏ పిల్లకాలవ, ఎన్ని ఎకరాలు, ఎన్నేళ్లుగా నీళ్లు లేవు, ఇంజినీరు ఏమన్నాడు, అన్నీ ఒక కాగితం మీద రాసి, ఆయకట్టు రైతులందరి సంతకాలతో బడ్జెట్ సమావేశాలకి ముందే ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. సమావేశాలు అయ్యాక వెళ్లి, ఆ ప్రశ్న వేశారా, మంత్రి ఏం చెప్పారు అని అడగండి. వచ్చిన జవాబు కాపీ తీసుకుని రచ్చబండ దగ్గర అందరికీ చదివి వినిపించండి.