మిక్చర్ స్క్రూ తిప్పే ముందు రబ్బరు చూడండి

పాత కార్బొరేటర్ బండికి మిక్చర్ స్క్రూ, అంటే గాలీ పెట్రోలూ కలిసే పాళ్లు సరిచేసే స్క్రూ, ఇంట్లోనే తిప్పుకోవచ్చా, తిప్పితే మైలేజీ పెరుగుతుందా అని అడిగారు. తిప్పుకోవచ్చు. మైలేజీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఆ స్క్రూ పనంతా స్లో స్పీడులోనూ (యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజన్ ఆగకుండా తిరిగేటప్పుడు), యాక్సిలరేటర్ పావు వంతు తిప్పేదాకానూ. ఆ పైన పెట్రోలు సంగతి కార్బొరేటర్ లోపలి నీడిల్, మెయిన్ జెట్ చూసుకుంటాయి. రోడ్డెక్కాక తాగే పెట్రోలు చాలావరకు ఈ స్క్రూ చేతిలో లేదు.

మా నాన్న 1993లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు ఇప్పుడు నా దగ్గరుంది. ఒక వేసవిలో దానికి పిచ్చి పట్టింది. యాక్సిలరేటర్ వదిలేసినా రేసు దిగదు. ఒంగోలులో సిగ్నల్ దగ్గర ఆగితే అది ఒక్కటే గీ అని అరుస్తుంటే పక్కన ఆటోవాళ్లు నా వంక చూసేవాళ్లు. వీడియోలు చూసి స్క్రూడ్రైవర్ కొన్నాను. పొద్దున ఒక పావు చుట్టు లోపలికి, సాయంత్రం అర చుట్టు బయటికి. చల్లగా ఉన్నప్పుడు కుదిరిన సెట్టింగ్ వేడెక్కాక కుదరదు. ఒక షెడ్డులో ‘మైలేజీ సెట్టింగ్’ అని డబ్బులు తీసుకుని పెట్రోలు ఇంకా తగ్గించి పంపారు. అద్దంకి వెళ్లొచ్చి ప్లగ్గు విప్పితే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. టూ స్ట్రోక్ బండిని అలా ఎండబెట్టి తోలితే పిస్టన్ పట్టేస్తుంది. ఈ మైలేజీ సెట్టింగ్ అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

చివరికి మా వీధి చివర పాత మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాను. ఆయన స్క్రూ ముట్టుకోలేదు. ఇంజన్ స్టార్ట్ చేసి, టూటీ ఆయిల్‌లో (టూ స్ట్రోక్ బండికి పోసే ఆయిల్) వేలు ముంచి, కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్యనున్న రబ్బరు చుట్టూ రాశాడు. అంతే, రేసు టక్కున దిగింది. రబ్బరు కింది వైపు వెంట్రుకంత పగులు. అక్కణ్ణుంచి దొంగగాలి పోతోంది. “రబ్బరు పగిలితే స్క్రూ ఏం చేస్తది అబ్బాయా? ఇంక దాని జోలికి పోబాక” అని, నా జేబులోని స్క్రూడ్రైవర్ తీసి తన డబ్బాలో వేసుకున్నాడు. ఇప్పటికీ ఇవ్వలేదు.

కాబట్టి ముందు ఆ రబ్బరు, ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు చూసుకోండి. సైలెన్సర్ మార్చి మోత పెంచినవాళ్లు ముందు పాతది బిగించుకుని రండి, మీకు నేనేం చెప్పలేను.

అన్నీ బాగుంటే పది నిమిషాలు తోలి ఇంజన్ వేడెక్కించండి. చోక్ ఆఫ్ చేసి, సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపండి. స్క్రూ పూర్తిగా లోపలికి తిప్పండి, తగిలిందనిపించగానే ఆపండి. బిగిస్తే మొన పాడవుతుంది. అక్కణ్ణుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి స్టార్ట్ చేయండి. ఇక పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కాసేపు ఆగి వినండి. ఎక్కడ రేసు ఎక్కువై శబ్దం సాఫీగా ఉందో అక్కడ వదిలేసి, స్లో స్పీడుకని ఉండే రెండో స్క్రూతో రేసు దించండి. ఒక్కసారి గట్టిగా రేసిచ్చి వదలండి. తడబడినా, రేసు వెంటనే దిగకపోయినా పెట్రోలు తక్కువైనట్టు. రెండ్రోజులు తోలాక ప్లగ్గు లేత గోధుమ రంగులో ఉంటే సరే, మసి పడితే పెట్రోలు ఎక్కువ.

ఇంకో తిరకాసుంది. స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని ఆపేది, లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. నా ఆర్‌ఎక్స్ ఇదే రకం. ఇంజన్ వైపు ఉంటే అంతా తలకిందులు, బయటికి తిప్పితేనే పెరుగుతుంది. మీది ఏ బండో రాయనే లేదు. కార్బొరేటర్ ఫోటో పెట్టండి, అప్పటిదాకా స్క్రూ ముట్టుకోకండి.