తోపు మిగలాలంటే ముందు సర్వే నంబరు

ప్రశ్న: బెంగళూరులో, సర్జాపుర దాటాక పంచాయతీ పరిధిలో ఉంటున్నాం. మా లేఅవుట్ వెనక ఊరి గుండుతోపు (ఊరుమ్మడి చెట్ల తోపు) ఉంది, అన్నీ చింతలు, కానుగలు. ఈమధ్య ఎవరో రాళ్లు పాతి కంచె వేస్తున్నారు. ఎమ్మెల్యేకి అర్జీ ఇచ్చినా కదలిక లేదు. ఏం చేయాలి?

జవాబు: అర్జీలో సర్వే నంబరు రాశారా? పచ్చదనం గురించి ఎంత బాగా రాసినా నంబరు లేని అర్జీ బల్లలు మారుతుందే తప్ప పని జరగదు. నిలబడ్డ చోటి సర్వే నంబరు చూపే కర్ణాటక ప్రభుత్వ యాప్ దిశాంక్ తెరిచి తోపు నడిమధ్యన నిలబడండి; అంచున నిలబడితే జీపీఎస్ పక్క పొలం నంబరు చూపించవచ్చు. ఆ నంబరుతో కర్ణాటక భూ రికార్డుల వెబ్‌సైట్ ‘భూమి’లో పహాణీ (మన అడంగల్ లాంటిది) తీయండి. యజమాని పేరుండే 9వ కాలమ్‌లో సర్కారీ గుండుతోపు అనో, గోమాళం (పశువుల మేత భూమి) అనో ఉంటే సగం పని అయినట్టే. ప్రైవేటు పేరుంటే విస్తీర్ణం వివరాలుండే 3వ కాలమ్ చూడండి. అందులో ‘బి ఖరాబ్’ అని చూపిన గుంటలు (గుంట అంటే ఎకరంలో నలభయ్యో వంతు) దారికి, వాగుకు, శ్మశానానికి వదిలినవి, మన పోరంబోకు లాంటివి. పక్క పట్టాలో కలిపేసుకునేది ఎక్కువగా వీటినే. ‘ఎ ఖరాబ్’ వేరు, అది సాగుకు పనికిరాదని శిస్తు వేయని భూమి. దాని మీద గొడవకు దిగకండి.

సర్కారీ భూమని తేలితే సర్వే చేయించి హద్దురాళ్లు పాతించమని ఆనేకల్ తహసీల్దారుకు రాయండి. పహాణీ, గ్రామ పటం, తేదీ పడిన ఫోటోలు జతచేసి, రసీదు తీసుకోండి. కదలిక లేకపోతే 10 రూపాయల ఆర్‌టీఐ దరఖాస్తుతో ఆ అర్జీ ఏమైందో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని, ఎన్నాళ్లుగా అనుభవిస్తున్నా ఎంత ఖర్చుపెట్టి కట్టినా అది సాకు కాదని సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. అర్జీలో ఆ తీర్పు పేరు రాయండి.

గ్రామసభలో తీర్మానం కూడా చేయించండి. ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు చిక్కంతా ఇక్కడే: గ్రామసభ అంటే ఆ ఊరి ఓటర్లే. ఓటు ఇంకా కడపలోనో నెల్లూరులోనో ఉంటే మీ చెయ్యి లెక్కలోకి రాదు. ఫారం 8 పెట్టి ఓటు మార్చుకోండి.

ప్రశ్న: మా లేఅవుట్ పార్కులో ఒక మూల రామాలయం కడదామంటున్నారు. తప్పా?

జవాబు: తప్పే. పార్కుల్లో, వీధుల్లో అనుమతి లేకుండా ఏ మతం గుడీ కట్టనివ్వొద్దని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ముందు, ఆ పార్కును డెవలపరు రిజిస్టరు దస్తావేజుతో ప్రాధికారానికి (లేఅవుట్‌కు అనుమతిచ్చే ప్రణాళికా సంస్థకు) అప్పగించాడో లేదో ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీసి చూడండి. అప్పగించకపోతే అది ఇంకా అతని పేరునే ఉంటుంది, రేపు సైట్లుగా కోసి అమ్మినా అమ్ముతాడు.