ప్లాస్టిక్ కంపెనీలో సీఎన్‌సీ సెట్టర్‌గా పంపొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ మెషినిస్ట్ చేసి, రెండేళ్లుగా సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే కోత మెషిన్) ఆపరేటర్‌గా ఉన్నాడు. చర్లపల్లిలో ప్లాస్టిక్ విడిభాగాలు చేసే ఒక కంపెనీ అసిస్టెంట్ సెట్టర్‌గా రమ్మంటోంది. ప్లాస్టిక్‌లోకి వెళ్తే ఇనుము పని మరిచిపోతాడేమోనని టెన్షన్‌గా ఉంది. పంపమంటారా? - ఒక తండ్రి, నల్గొండ

జవాబు: పంపించండి. ప్లాస్టిక్ అంటే మనకు బకెట్లు, మగ్గులే గుర్తొస్తాయి. అవి అచ్చులో పోసి తీసేవి. సీఎన్‌సీ మీద డెల్రిన్, నైలాన్, టెఫ్లాన్, పీక్ (PEEK) లాంటి ప్లాస్టిక్ రాడ్లతో బుష్‌లు, సీల్ రింగులు, వైద్య పరికరాల భాగాలు చేస్తారు.

ఆపరేటర్ పీస్ బిగించి, సైకిల్ స్టార్ట్ నొక్కి, కొలుస్తాడు. అంతకుముందే డ్రాయింగ్ చదివి, టూల్స్ బిగించి, ఆఫ్‌సెట్లు (టూల్, పీస్ ఎక్కడున్నాయో మెషిన్‌కు చెప్పే కొలతలు) ఇచ్చి, మొదటి పీస్ పాస్ చేయించేది సెట్టర్. ప్లాస్టిక్‌లో ఆ మొదటి పీసే ఏడిపిస్తుంది. 100 మి.మీ. డెల్రిన్ ముక్క 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.1 మి.మీ. పెరుగుతుంది. స్టీల్ అయితే అందులో ఎనిమిదో వంతు. వేడి మీద సైజు సరిపోయిన పీస్ చల్లారాక అండర్‌సైజ్ అవుతుంది. నైలాన్ అయితే తేమ పీల్చి ఉబ్బుతుంది. పల్చటి రింగును చక్‌లో (పీస్‌ను పట్టి ఉంచే భాగంలో) గట్టిగా బిగిస్తే, బయటికి తీశాక గుండ్రంగా ఉండదు. అందుకే సాఫ్ట్ జాస్ (పీస్ ఆకారానికి కోసుకునే మెత్తటి దవడలు) వేసి బిగించే ప్రెషర్ తగ్గిస్తారు. టూల్ పదును పోతే కోయడం మాని రుద్దుతుంది, అంచు కరుగుతుంది. ఇంత ఓపిక అలవడిన కుర్రాడికి ఇనుము కొత్తేమీ కాదు. మెషిన్‌కు ఆదేశాలిచ్చే జి-కోడ్ అదే, కొలిచే మైక్రోమీటర్ అదే. స్పీడు, ఫీడు (టూల్ ముందుకు జరిగే వేగం), ఇన్‌సర్ట్‌లు (టూల్‌కు బిగించే కోత పలకలు) మారతాయి, అంతే.

నా అసలు భయం వేరు. సెట్టర్ అని పేరు పెట్టి, ఏళ్ల తరబడి బటన్ నొక్కించే చోట్లున్నాయి. చేరేముందే అబ్బాయిని అడగమనండి: ఏ సెట్టర్ కింద వేస్తారు? ఆఫ్‌సెట్లు మార్చనిస్తారా? సొంతంగా సెట్టింగ్ ఎప్పటినుంచి? సూటిగా జవాబు రాకపోతే, జీతం కాస్త ఎక్కువైనా వద్దు. చేరాక వీలు చూసుకుని బాలానగర్ సీఐటీడీలో (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) సీఎన్‌సీ ప్రోగ్రామింగ్ షార్ట్‌టర్మ్ కోర్సు చేయించండి. ప్రోగ్రాం కూడా సరిదిద్దగలిగితే తర్వాతి మెట్టు ఎక్కడం తేలిక.

ఇంకో మాట, తండ్రిగా మీరే చెప్పాలి. ప్లాస్టిక్ చిప్స్ పొడవాటి తీగల్లా టూల్‌కు చుట్టుకుంటాయి. మెషిన్ తిరుగుతుండగా వాటిని చేత్తో లాగొద్దు, ఆపి కొక్కెంతో తీయాలి. టెఫ్లాన్ పొడి అంటిన చేతులతో సిగరెట్ ముట్టుకోకూడదు. ఆ పొడి కాలి, పొగ లోపలికి వెళ్తే చలిజ్వరం వస్తుంది.