కువైట్‌లో అలవాటైన నొప్పి మాత్రలు: సెలవు అయిపోయేలోపు మానగలరా?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా ఆయనకు 36 ఏళ్లు. కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌. నడుం నొప్పికని రూమ్‌లో వాళ్లిచ్చిన ట్రామడాల్‌ మాత్రలతో మొదలై, ఇప్పుడు రోజుకు 50 మిల్లీగ్రాములవి పది దాకా వేసుకుంటున్నారు. మూడు నెలల సెలవు మీద వచ్చారు. ఇక్కడ మానేద్దామని చూస్తే రెండో రోజుకే చెమటలు, విరేచనాలు, కాళ్లు లాగేస్తున్నాయని రాత్రంతా తిరగడం. తట్టుకోలేక ఎవరి ద్వారానో తెప్పించుకుని మళ్లీ మొదలుపెట్టారు. అక్కడ ఒకసారి ఫిట్స్‌ వచ్చాయట. గాలి సోకిందని మా అత్త తాయెత్తు కట్టించింది. ఆస్పత్రికి పోదామంటే పోలీసులకు చెబుతారని భయపడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫిట్స్‌ సంగతి. ట్రామడాల్‌ రోజుకు 400 మిల్లీగ్రాములు మించకూడదు. మీ ఆయన వేసుకుంటున్నది 500. మోతాదు పెరిగితే ఈ మందు వల్ల ఫిట్స్‌ రావచ్చు. తాయెత్తు కట్టించిన మీ అత్తగారిని ఏమీ అనకండి, కానీ ఆయన చేత ఇప్పుడు బండి మాత్రం నడపనివ్వకండి.

ట్రామడాల్‌ నల్లమందు జాతి మందే. రోజూ వాడితే శరీరం దానికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే మీరు రాసిన బాధలన్నీ వస్తాయి, కొందరిలో విపరీతమైన భయం, భ్రమలు కూడా. కాబట్టి ఆయన మళ్లీ వేసుకున్నారంటే మనసు గట్టిది కాదని అనుకోవద్దు. డాక్టర్‌ పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గించడం ఒక పద్ధతి. బుప్రెనార్ఫిన్‌ అనే మందుతో ఆ బాధలు అణచడం ఇంకో పద్ధతి. ఫిట్స్‌ వచ్చిన మనిషి కనుక మొదటి వారం పది రోజులు ఆస్పత్రిలో ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. ఇంట్లో ఎవరివో నిద్రమాత్రలు ఇవ్వకండి. మందు షాపులో ట్యాపెంటడాల్‌ ఇస్తే తీసుకోకండి, అదీ అదే జాతి.

గల్ఫ్‌కు తిరిగి వెళ్లేవాళ్ల విషయంలో ఒక చిక్కుంది. బుప్రెనార్ఫిన్‌ చాలామందికి నెలల తరబడి అవసరమవుతుంది. కానీ ట్రామడాల్‌, బుప్రెనార్ఫిన్‌ రెండింటి మీదా అక్కడ కఠినమైన నియంత్రణ ఉంది. మన డాక్టర్‌ చీటీ ఉంది కదా అని బ్యాగులో పెట్టుకుని విమానం ఎక్కితే దిగాక జైలు పాలు కావచ్చు. అందుకే టికెట్‌ తేదీ మొదటి రోజే డాక్టర్‌కు చెప్పండి. చికిత్స ప్రణాళిక ఆ తేదీని చూసుకుని వేయాలి. ట్రామడాల్‌ పూర్తిగా ఆపి కనీసం వారం పది రోజులు గడిచాక, లివర్‌ పరీక్ష బాగుంటే, మళ్లీ మాత్ర వేసుకున్నా మత్తు ఎక్కకుండా అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్‌ అనే మందు ఇవ్వొచ్చు. అది మత్తు మందు కాదు, అలవాటూ కాదు. ఒంట్లో ట్రామడాల్‌ ఉండగా వేస్తే మాత్రం బాధలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఈ మందు తీసుకెళ్లాలన్నా కువైట్‌ నిబంధన ముందే కనుక్కోవాలి.

మూడు నెలలు సరిపోకపోతే సెలవు పొడిగించమని సేటును అడగండి. ఒప్పుకోకపోతే ఈ వీసా వదులుకున్నా నష్టం లేదంటాను. అప్పులున్న ఇంటికి ఇది ఎంత కష్టమైన మాటో తెలుసు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, కొన్ని వారాలు మానేశాక శరీరానికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. అదే రూమ్‌కు వెళ్లి, ఒంటరితనంలో, పాత లెక్కనే పది మాత్రలు వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. మద్యం తాగి ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ.

నడుం నొప్పి తగ్గకపోతే మాత్ర మళ్లీ చేతికి వస్తుంది. ఎముకల డాక్టర్‌కు చూపించి ఫిజియోథెరపీ ఈ సెలవులోనే మొదలుపెట్టండి. మత్తు లేని నొప్పి మందులున్నాయి. బండి సీటులో నడుం వెనక చిన్న దిండు పెట్టుకోవడం, రెండు గంటలకోసారి దిగి నాలుగడుగులు వేయడం అలవాటు చేసుకోమనండి.

ఇక పోలీసుల భయం. చికిత్సకు వచ్చినవాళ్ల వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పాస్‌పోర్టు మీద ఎవరూ ఏమీ రాయరు. తిరుపతిలో రుయా ఆస్పత్రి మానసిక విభాగానికి వెళ్లండి. ప్రైవేటు డీ అడిక్షన్‌ సెంటర్‌ అయితే అక్కడ సైకియాట్రిస్ట్‌ ఉన్నారా, మనిషిని కట్టేసి గదిలో పెడతారా అని అడిగి తెలుసుకున్నాకే చేర్చండి. ముందు ఫోన్లో మాట్లాడాలంటే మత్తు అలవాటు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌ 14446, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌ టెలీ మానస్‌ 14416. టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, దేనికీ డబ్బు కట్టక్కర్లేదు.

వెళ్లేటప్పుడు ఆయన వాడిన మాత్రల ఖాళీ స్ట్రిప్‌, నడుము ఎక్స్‌రే, స్కాన్‌ ఏవైనా ఉంటే అవి, టికెట్‌ పట్టుకెళ్లండి. ఈలోపు మళ్లీ ఫిట్స్‌ వచ్చినా, లేపితే లేవకుండా ఊపిరి నెమ్మదించి పెదాలు నీలంగా మారినా, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్‌ చేయండి. నోట్లో నీళ్లు పోయకండి, చేతిలో తాళాలు పెట్టకండి.