ముద్ద ఊగుతోందని సారెను తిట్టకండి

పర్లాకిమిడిలో ఉంటున్నాను, కుండలు చెయ్యడం నేర్చుకుందామని కరెంటుతో తిరిగే కుమ్మరి సారె కొన్నాను, పది రోజులైనా మట్టిముద్ద నడిమికి రావడం లేదు, మోటారు మార్చాలా అని ఒకరు అడిగారు. మార్చకండి. తప్పు చాలామటుకు ముద్ద సారె ఎక్కకముందే జరిగిపోతుంది.

మహేంద్రతనయ నది ఒడ్డునుంచో చెరువు గర్భంనుంచో మట్టి తెచ్చి, పచ్చిగా ఉండగానే పిసకడం మొదలుపెడతారు. అక్కడే చెడింది. మట్టిని గలగలలాడేలా ఎండబెట్టి, చితక్కొట్టి, అప్పుడు నానెయ్యాలి. ఎండిన గడ్డ నీళ్లలో దానంతటదే విచ్చుకుంటుంది. పచ్చిగడ్డ వారమైనా లోపల ఉండకట్టే ఉంటుంది, ఆ ఉండే సారె మీద మీ చేతిని తంతుంది. పలచగా కలిపి దోమల జాలీలో వడకట్టండి. సున్నపురాయి పలుకు ఒక్కటి మిగిలినా, కాలిన కుండ మొదట బాగానే ఉండి, కొన్నాళ్లకు ఆ పలుకు తేమ పీల్చి ఉబ్బి పెంకు ఊడగొడుతుంది. తర్వాత గోనె మీద ఆరబోసి, వేలికి అంటుకోని పదును వచ్చాక పిసకండి. చపాతీపిండిలా మడతలు వేస్తే గాలి లోపలే చిక్కుతుంది. అరచేతి మడమతో ముందుకు నొక్కడం, కాస్త తిప్పడం, మళ్లీ నొక్కడం, ఇలా ఓ 100 సార్లు. తీగతో నడిమికి కోస్తే చిల్లు కనబడకూడదు.

ఇక నడిమికి తేవడం, అంటే ముద్ద సారె మధ్యలో ఊగకుండా తిరిగేలా కుదర్చడం. ముప్పావు కిలో చాలు, రెండు కిలోలతో మొదలుపెట్టేవాళ్ల ధైర్యం నాకర్థం కాదు. ముద్దను పెట్టే సారె బిళ్ల తడిగా ఉంటే ముద్ద జారుతుంది, చెమ్మ ఉంటే చాలు. ఎడమ మోచేయి తొడకో పొట్టకో గట్టిగా ఆనించండి. గాలిలో వేలాడే మోచేయి ముద్దతో పాటు ఊగుతుంది, మీరేమో ముద్దే ఊగుతోందనుకుంటారు. సారె జోరుగా తిరగాలి. ఎడమ అరచేయి పక్కనుంచి, కుడిచేయి పైనుంచి నొక్కుతూ, ముద్దను శంకువులా పైకి లేపి కిందికి అణచండి, మూడుసార్లు. అన్నిటికన్నా ముఖ్యం చేతులు మెల్లగా తియ్యడం. చటుక్కున తీస్తే కుదిరిన ముద్ద కూడా పక్కకి పోతుంది. కళ్లు మూసుకుని వేలు ఆనించి చూడండి, కొట్టుకోకపోతే కుదిరినట్టే.

వీడియోల గొడవ ఒకటుంది. కొన్ని సారెలు గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతాయి, కొన్ని ముల్లుతో పాటు. ఎదురు తిరిగేదైతే కుండకు కుడివైపున పని చెయ్యాలి, ముల్లుతో తిరిగేదైతే ఎడమవైపున. మీ సారె ఎటు తిరుగుతుందో చూడకుండా ఫోన్లో చేతుల్ని అనుకరిస్తే కుండ గోడ చిరుగుతుంది.

కుదిరిన ముద్ద నడుమ గుంట తీసేటప్పుడు అడుగున 8 మిల్లీమీటర్లు వదలండి, సూది గుచ్చి కొలవండి. అడుగును అంచునుంచి నడిమికి వేలితో గట్టిగా అదమండి, లేకపోతే ఆరేటప్పుడు పాములా వంకర పగులు పడుతుంది. లోపల నిలిచిన నీళ్లు స్పాంజీతో తీసెయ్యండి. గోడ లాగేటప్పుడు సారె వేగం సగానికి తగ్గించి, వేళ్లను నింపాదిగా పైకి తీసుకెళ్లండి. మూడు నాలుగు లాగుళ్లకే గోడ లేవాలి. అంతకు మించితే మట్టి నీళ్లు తాగి కూలబడుతుంది.

మొదటే వంటకుండ చేస్తామనేవాళ్లకో మాట. పూరీ జగన్నాథుడి వంటశాలలో వాడే కుండల్లాంటి గుండ్రడుగు కుండ సారె మీదే పూర్తికాదు. సారె మీద దళసరిగా చేసి, కాస్త ఆరాక, లోపల గుండ్రాయి ఆనించి బయట చెక్కతో తట్టితట్టి అడుగు మూస్తారు. అది వేరే చదువు. మీరు తిన్నని గోడల గ్లాసులు చెయ్యండి.

మొదటి 30 గ్లాసులూ తీగతో నిలువునా కొయ్యండి. అడుగున దళసరి, పైన పలచన కనబడితే మీ చెయ్యి కిందనుంచి లాగడం లేదన్నమాట. ఆ కోసిన ముక్కలు పారెయ్యకండి. బాగా ఎండబెట్టి నానుడు తొట్టిలోనే వెయ్యండి.